పంట, బీడు, అడవి: రోళ్ళపాడు చెప్పు లెక్క

నంద్యాల జిల్లా మిడుతూరు మండలమందలి రోళ్ళపాడు పేరు పక్షిశాస్త్రజ్ఞులకు సుపరిచితము. బట్టమేకపిట్ట యను అరుదైన పక్షిని కాపాడుటకై 1988లో ప్రభుత్వము అచ్చట 614 హెక్టారుల, అనగా సుమారు 1,500 ఎకరముల గడ్డిభూమిని అభయారణ్యముగా ప్రకటించినది. అంతకుముందే, 1980 దశాబ్దమున, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు అచ్చట విడిదిచేసి ఆ పక్షి జీవితమును పరిశోధించిరి. నాడు శాస్త్రజ్ఞులను దూరమునుండి రప్పించిన ఆ పక్షి నేడు ఆ బీటిలో కనబడుటయే అరుదైనది. అదే బీటియందు కృష్ణజింకల మందలు పెరిగి, చుట్టుపట్ల రైతుల చేలలో మేయుచున్నవి. కాపాడదలచిన పక్షి తగ్గినది; ఆ కాపుదలవలన పెరిగిన జింక రైతుకు బరువైనది.

ఇట్లేల జరిగినది? ఇది రోళ్ళపాటికి మాత్రమే పరిమితమైన ప్రశ్న కాదు. ఉష్ణమండల దేశములన్నిటియందును పంటకును అడవికిని నడుమ నడచుచున్న బేరమునకు ఇది యొక చిన్న నమూనా. ఆ బేరమునందలి లెక్కను మన పంచాయతీ సభ్యులకు విశదపరచుటయే మా యుద్దేశము. లెక్క తెలిసిన పంచాయతీ తన యూరి రైతుకును, తన యూరి భూమికిని మేలుచేయగలదు.

బీడు బంజరు కాదు

అడవి యనగానే మనకు నల్లమల తలపునకు వచ్చును. చెట్టు లేని నేలను మనము బీడందుము. రికార్డులయందు అట్టి నేల తరచుగా బంజరుగా నమోదగును. కాని వానలు తక్కువగానుండు రాయలసీమలో సహజమైన గడ్డిభూమియు అడవివలెనే ఒక పూర్ణమైన ప్రకృతి వ్యవస్థ. గొఱ్ఱెలకు, మేకలకు, పశువులకు అది మేత యిచ్చును. వాననీటి పరుగును తగ్గించి, నల్లరేగడి కొట్టుకొనిపోకుండ కాపాడును. మిడుతలను, పురుగులను తిని రైతుకు సాయపడు పక్షులకు అది నెలవు.

బట్టమేకపిట్ట అట్టి పక్షులలో పెద్దది. మగపక్షి పదికిలోల బరువునకు మించి పెరుగును. అది చెట్టెక్కదు, నేలమీదనే సంచరించి, నేలమీదనే సాధారణముగా ఒకే గ్రుడ్డు పెట్టును. కావున దాని సంతతి పెరుగుట మిక్కిలి నెమ్మది. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని అత్యంత ప్రమాదస్థితియందున్న జాతుల పట్టికలో చేర్చినది. మిగిలియున్న కొద్ది పక్షులలో అధికభాగము రాజస్థానమందలి జైసల్మేరు ప్రాంతముననే యున్నవి. అచ్చట 2019 నుండి ప్రభుత్వము కృత్రిమ సంరక్షణలో పిల్లలను పొదిగించి పెంచుచున్నది.

ఈ పక్షికి 1,500 ఎకరములు చాలవు. అది అభయారణ్యమునందు గ్రుడ్డు పెట్టినను, మేతకొఱకు చుట్టునున్న జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ చేలను, దున్నని బీళ్ళను ఆశ్రయించును. కంచె లోపలి నేలను కాపాడి, కంచె వెలుపలి సేద్యము పూర్తిగా మారిపోవుచుండగా చూచుచు ఊరకున్నచో పక్షి నిలువదు.

భూమి మారుటకు కారణ మేమి?

కంచె వెలుపల ఏమి జరిగినది? కర్నూలు–కడప కాలువ వ్యవస్థలో భాగముగా మిడుతూరు మండలమందే అలగనూరువద్ద జలాశయము నిర్మింపబడినది. సాగునీరు, గొట్టపుబావులు, ట్రాక్టరు, ఎరువులు ఒకదానివెంట నొకటి వచ్చినవి. ఒకప్పుడు కర్నూలు మండలమున విస్తారముగా పండిన కొఱ్ఱ తగ్గి, విపణికొఱకు పండించు ప్రత్తి మొదలగు పంటలు పెరిగినవి. ఇందు రైతు తప్పేమియు లేదు. పిల్లల చదువులకు, పెండ్లిండ్లకు, వైద్యమునకు రొక్కము కావలెను. రొక్కమిచ్చు పంట నాతడు వేసినాడు.

ఆర్థికశాస్త్ర మీ విషయమున చెప్పు సూత్రము సులభమైనది. ఒక యెకరము ఏ వినియోగమునందు యజమానికి ఎక్కువ మిగులు నిచ్చునో, ఆ వినియోగమునకే అది పోవును. లెక్కకొఱకు మాత్రమే యొక ఉదాహరణము తీసికొందము. ఒక యెకరము బీటిని మేతకు విడిచిన 2,000 రూపాయలును, దున్ని ప్రత్తి వేసిన ఖర్చులు పోను 10,000 రూపాయలును వచ్చుననుకొందము. యజమాని దున్నుటయే సహజము. అదే బీడు నీటిని నిలిపినందువలన క్రింది చెఱువునకు కలిగిన మేలు, పురుగులను తిన్న పక్షులవలన ఊరికి కలిగిన మేలు, ఒక జాతి నశింపకుండుటవలన లోకమునకు కలిగిన మేలు ఆ యజమాని చేతికి రాదు. ఆ మేళ్ళకు వెల లేకపోలేదు. వెల చెల్లించువాడు లేడు. అడవులును, బీళ్ళును తరుగుటకు మూలకారణ మిదియే.

ధర పెరిగినకొలది ఈ వ్యత్యాస మెక్కువగును. ప్రత్తి ధర మన సంతలో నిర్ణయమగునది కాదు. ఎక్కడనో ఒక దేశమున పంట పోయిన యేట మన యూరి బీటిపై నాగలి పడవచ్చును. మరియొక యేట ధర పడిపోయినను, ఒకసారి దున్నిన గడ్డినేల తిరిగి మునుపటి గడ్డినేలగా మారుటకు ఏండ్లు పట్టును.

దిగుబడి పెరిగిన అడవి మిగులునా?

ఎకరమునకు దిగుబడి పెరిగినచో తక్కువ భూమితోనే సరిపోవును గనుక అడవి మిగులునని పెద్ద లనేకులు చెప్పుదురు. ఇందు సత్యము కలదు. కాని సంపూర్ణసత్యము కాదు. మూడు విషయములను విచారించి చూడవలెను.

మొదటిది, ఆ పంటకు అంగడి ఎంత పెద్దది? కొఱ్ఱవంటి ధాన్యము ముఖ్యముగా మన ప్రాంతమున తినుటకే పండును. దిగుబడి రెట్టింపైనచో ధర తగ్గును. కొంత భూమి ఆ పంటనుండి విడుదలయగును. కాని ప్రత్తి, తాటినూనె, కాఫీ, కోకో, రబ్బరు మున్నగునవి లోకమంతటి అంగడికి పోవు సరకులు. ఒక ప్రాంతమున దిగుబడి పెరిగినంతమాత్రమున లోకపు ధర తగ్గదు. అప్పుడు ఎకరమునకు లాభము పెరుగును. లాభము పెరిగినచోట మరికొంత నేల దున్నబడును. దిగుబడి పెంచిన విజ్ఞానమే అట్టిచోట అడవికి గొడ్డలిగా పరిణమింపవచ్చును.

రెండవది, ఆ పంటకు చేతులెన్ని కావలెను? మిరపవలె కూలీలు మెండుగా కావలసిన పంట, నీరున్న కొద్దినేలలోనే మనుష్యులకు పని కల్పించి, మెట్టను, కొండవాలును దున్నవలసిన అవసరమును తగ్గింపవచ్చును. యంత్రముతో సాగు పంట అట్లుగాదు. ఒక ట్రాక్టరు ఒకే దినమున చాల ఎకరముల బీటిని చేనుగా మార్చగలదు.

మూడవది, మిగిలిన నేలకు కాపు ఎవరు? హద్దులు స్పష్టముగా లేని నేల, అడుగువాడు లేని నేల లాభమున్నప్పుడు నిలువదు. మిగులుబాటు దానంతట నది అడవిగా మారదు. దానిని కాపాడు కట్టుబాటుకూడ తోడుకావలెను.

దూరదేశముల అనుభవము

ఈ సూత్రము మన వంటయింటియందే కనబడును. మన దేశము తాటినూనెను, అనగా పామాయిలును, లోకమున నన్నిటికంటె ఎక్కువగా దిగుమతి చేసికొను దేశము. ఇటీవలి సంవత్సరములలో ఏటా 75 లక్షల టన్నులకు మించి కొనుచున్నాము. అందు అధికభాగము ఇండోనేషియా, మలేషియా దేశములనుండి వచ్చును. పామాయిలు తోట హెక్టారునకు మూడు, నాలుగు టన్నుల నూనె నిచ్చును. వేరుసెనగయైనను, ఆవాలైనను ఒక టన్నుకూడ నీయజాలవు. లెక్క ప్రకారము చూచిన, లోకమునకు కావలసిన నూనె తక్కువ నేలనే పండవలెను. కాని లాభము మిక్కుటమగుటచే సుమత్రా, బోర్నియో ద్వీపముల మహారణ్యములు తోటలుగా మారినవి. 2011లో ఇండోనేషియా ప్రభుత్వము ప్రాచీనారణ్యములలో క్రొత్త అనుమతుల నాపి, 2019లో ఆ నిషేధమును శాశ్వతము గావించినది.

కొను దేశములును మేల్కొన్నవి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన శాసనము ప్రకారము 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ, కోకో, పామాయిలు, సోయా, రబ్బరు, కలప, పశుసంబంధమైన సరకులు ఆ దేశములలో అమ్మరాదు. ఈ శాసనపు అమలు వాయిదాపడినను, దాని సూచన స్పష్టము. ఇకమీదట సరకుతోబాటు అది పండిన నేల చరిత్రయు అడుగబడును.

మన రాష్ట్రమునకు వచ్చినచో, పామాయిలు తోటలు ప్రధానముగా గోదావరి జిల్లాల సాగుభూములయందే వేయబడినవి. అడవి నరికి కాదు. ఏలూరు జిల్లా పెదవేగిలో ఈ పంటకై జాతీయ పరిశోధనాసంస్థ కలదు. 2021లో కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ కార్యక్రమము నారంభించినది. ఇచ్చట అడవిమాట అటుంచి, భూగర్భజలము మాట పుట్టును. పామాయిలు ఏడాది పొడుగున నీరు కోరు పంట. వాన తక్కువైన మన సీమలో ఆ పంటను తలపెట్టు రైతు మొదట బావిని చూచుకొనవలెను.

చెట్టునీడను పండు పంట

పంటకును అడవికిని ఎల్లప్పుడు వైరమే యనుట సరిగాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు ప్రాంతములను చూడుడు. అచ్చటి గిరిజనులు పూర్వము కొండవాలున అడవి నరికి, కాల్చి, కొన్ని యేండ్లు పోడుచేసి, సారము తగ్గగనే మరియొకచోటికి పోవుచుండిరి. పోడునకు ప్రత్యామ్నాయముగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీబోర్డు కాఫీని ప్రోత్సహించినవి. నేడు లక్ష ఎకరములకు మించి అచ్చట కాఫీ కలదు. ఆ కాఫీ చెట్టునీడనే బాగుగ పండును; నీడకై పెంచిన చెట్టుకే మిరియపుతీగ నల్లించి రెండవ రాబడి పొందుదురు. చెట్టు నరికిన రైతు తన కాఫీనే నష్టపోవును. కావున అచ్చట చెట్టునకు కావలి రైతు స్వార్థమే.

1956లో విశాఖపట్నము కేంద్రముగా నేర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ కాఫీని కొనుచున్నది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే నీడకై వేసినది ఎక్కువగా సిల్వర్ ఓకు; అది ఆస్ట్రేలియా దేశపు చెట్టు. నేరేడు, పనస, మామిడి మున్నగు మన చెట్లు కలిసిన తోట పక్షులకు, తేనెటీగలకు మరింత మేలు. చెట్లున్నంతమాత్రమున అడవి యని తలపరాదు.

రాయలసీమ కొండలయందలి ఎఱ్ఱచందనము దీనికి వ్యతిరేకమైన పాఠము నేర్పును. విదేశములందు దానికి గొప్ప వెల కలదు. ఆ వెల కొండక్రింది ఊరికి న్యాయమార్గమున చేరదు. దొంగరవాణా చేయువానికి చేరును. చెట్టు నిలిచియున్నందువలన లాభము పొందువారు ఊరిలో లేనప్పుడు, ఎన్ని కావళ్ళు పెట్టినను గొడ్డలి ఆగుట కష్టము. నల్లమలలో చెంచుల స్థితి ఈ విషయమునే బోధించును. తేనె, చింతపండు, బంక మొదలగువాటిని ఏరుకొని బ్రతుకు చెంచుకు అడవి నిలుచుటయే జీవనము. 2006 అటవీహక్కుల చట్టము చిల్లర అటవీఫలసాయముపై అట్టి అడవివాసుల హక్కును గుర్తించినది.

లాభ మందరికి, నష్ట మొక్కరికి

ఇప్పుడు రోళ్ళపాటి జింకమాటకు వత్తము. కృష్ణజింక మన రాష్ట్రజంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో బట్టమేకపిట్టతోబాటు అదియు కలదు; దానిని వేటాడుట గొప్ప నేరము. ఇది న్యాయమే. కాని అభయారణ్యపు టంచున చేను గల రైతు లెక్క వేఱు.

మరల లెక్కకొఱకు మాత్రమే చెప్పుచున్నాము. ఎకరమునకు 30,000 రూపాయల పంట, 20,000 రూపాయల ఖర్చు, 10,000 రూపాయల మిగులు అనుకొందము. జింకలు పంటలో అయిదవ వంతు తిన్నచో నష్టము 6,000 రూపాయలు. వినుటకు అయిదవ వంతే. కాని ఖర్చు తగ్గదు గనుక రైతుకు మిగులునది 4,000 రూపాయలే. అనగా అయిదవ వంతు పంట పోయిన, అతని మిగులులో అయిదింట మూడువంతులు పోయినది. అప్పుచేసి సేద్యము చేయువానికి ఆ 6,000 రూపాయలే వడ్డీ. జింకను చూచి ఆనందించువారు వేలకొలది. ఈ నష్టము భరించువారు అంచున నున్న కొద్ది కుటుంబములు. రాత్రులు మేలుకొని చేను కాచుకొను శ్రమకు లెక్కయే లేదు. ఈ అసమానతను సరిచేయని రక్షణ యెంతకాలము నిలుచును? రైతు మనసు విరిగినచో చట్టమొక్కటియే బీటిని కాపాడజాలదు.

మరియొక క్రొత్త విషయము కలదు. ఓర్వకల్లు, గడివేముల ప్రాంతములలో గని, శకునాల గ్రామములవద్ద 2017లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్ర మేర్పడినది. ఎండయు నేడొక సరకైనది. దానికిని మెట్టనేలయే కావలెను. సౌరశక్తి దేశమునకు అవసరమే. కాని బట్టమేకపిట్టకు ఎదుటి చూపు తక్కువ. ఎగురునప్పుడు విద్యుత్తీగలకు తగిలి చచ్చును. ఈ కారణమున 2021లో సుప్రీంకోర్టు తీగలను భూగర్భమున వేయుమని ఉత్తరువులిచ్చి, 2024లో వాటిని సవరించి నిపుణుల సంఘమును నియమించినది. మంచి పనియైనను ఏ నేలపై చేయుదుమన్నది ముందుగా విచారింపవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

లోకపు ధరలను మార్చుట పంచాయతీకి శక్యము కాదు. కాని తన యెల్లలలో ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. మేతపోరంబోకు, తోపులు, బండిబాటలు మున్నగు ఉమ్మడి భూముల హద్దులను రెవెన్యూవారితో కొలిపించి, రాళ్ళు నాటించి, వాటి పట్టికను గ్రామసభయందు చదివి వినిపింపవలెను. హద్దు తెలిసిన నేలనే కాపాడగలము.

2. ఉమ్మడి బీటికి కట్టుబాటు లేర్పరుపవలెను. ఎవరి మందలు, ఎన్ని నెలలు, ఏ భాగమున మేయవలెను. ఏ భాగమునకు విరామ మీయవలెను. తప్పినవారికి దండుగ యెంత. కావలి యెవరు అను విషయములను గొఱ్ఱెల కాపరులను కూర్చుండబెట్టుకొని నిర్ణయింపవలెను. గ్రామస్థులు తామే చేసికొన్న ఇట్టి కట్టుబాట్లు ఉమ్మడి సొత్తును కాపాడగలవని నిరూపించినందులకే 2009లో ఎలినార్ ఆస్ట్రోమ్ అను అమెరికా విదుషికి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి.

3. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పరచవలెను. ఊరి మొక్కలు, పక్షులు, పంటజాతులు, మేతబీళ్ళు నమోదగు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును ఆ సంఘము సిద్ధపరచవలెను. బీడు బంజరు కాదనుటకు ఆ రిజిస్టరు లిఖితపూర్వకమైన సాక్ష్యమగును.

4. వన్యప్రాణులవలన పంట నష్టపోయిన రైతు ఆలస్యము లేకుండ అటవీ, వ్యవసాయ శాఖల ఉద్యోగులకు తెలిపి పరిహారమునకు దరఖాస్తు చేసికొనునట్లు పంచాయతీ సాయపడవలెను. చేను పాడైన దినము, విస్తీర్ణము, పంట దశ, ఫోటో సిద్ధముగ నుంచవలెను. ప్రతి సంవత్సరపు నష్టముల పట్టికను పంచాయతీ తన తీర్మానముతో పైవారికి పంపినచో, పరిహారము చాలుచున్నదో లేదో చర్చించుటకు ఆధారముండును.

5. అభయారణ్యము చుట్టు కొఱ్ఱ, జొన్న, పప్పుధాన్యములు వేయ నిచ్చగించు రైతులను సంఘముగా కూర్చి, విత్తనము, అమ్మకము విషయమున తోడ్పడవలెను. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానమునందు ‘సూర్యనంది’ వంటి మేలైన కొఱ్ఱరకములు రూపొందినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించిన తరువాత నగరములలో కొఱ్ఱబియ్యమునకు ఆదరణ పెరిగినది. అయితే ప్రత్తితో సమానమైన మిగులు వచ్చునట్లు కొనుబడి ఏర్పాటు ముందు జరుగవలెను. రైతును త్యాగము చేయుమని కోరుట సులభము. త్యాగము అవసరము లేనట్లు చేయుట పరిపాలన.

6. ఊరికి వచ్చు ప్రతి క్రొత్త పథకమును, అది కాలువయైనను, తీగయైనను, తోటయైనను, గ్రామసభలో మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఇది ఏ నేలపై వచ్చుచున్నది? లాభమెవరికి? నష్టమెవరికి? నష్టపడువాని పేరు కాగితముపై లేని పథకము సంపూర్ణమైనది కాదు.

అడవియో పంటయో తేల్చుకొనుమని మనల నెవరును అడుగుటలేదు. రెండును కావలెను. ఏ నేల దేనికి తగినదో గుర్తించుట, తగిన నేలలో పంట పెంచుట, తక్కిన నేలను కాపాడువానికి న్యాయమైన ప్రతిఫల మిచ్చుట, ఈ మూడును కలిసినచోటనే రెండును నిలుచును. బట్టమేకపిట్ట తిరిగి రోళ్ళపాటి బీటికి వచ్చునో రాదో యిప్పుడే చెప్పరాదు. కాని వచ్చుటకు బీడు మిగిలియుండవలెను. బీడు మిగులుటకు దాని యంచున సేద్యము చేయు రైతు నష్టపోకుండవలెను. ఈ రెంటిని కలుపు వంతెన గ్రామపంచాయతీయే యని మా విశ్వాసము.